సింగిల్ కాలమ్

తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో
మోటారుకు చుట్టే రాగితీగ పోయింది,
పద్దెనిమిది కిలోలు.
నేను పంపింది ఎనిమిది లైన్లు.
"ఒడిశా బలంగీర్ జిల్లాకు చెందిన ఉగ్రసేన్ బాగ్‌ను
పోలీసులు విచారణకు పిలిచారు" అని.
పిలిచారు అనే రాసినా.
కావాలంటే నోట్‌బుక్ చూపిస్తా.

రాత్రి పదకొండున్నరకు అనంతపురం డెస్కులో
ఎవరికో చోటు చాల్లేదు.
సింగిల్ కాలమ్‌లో అంత పేరు పట్టదు.
సేన్ తీసేసినారు, బాగ్ తీసేసినారు,
పిలిచారును కూడా తీసేసినారు.
పొద్దున పేపర్లో మిగిలింది:
అదుపులో 'ఉగ్ర'.

రెండక్షరాలు.
అటొక కొమ్ము, ఇటొక కొమ్ము.

ఐదున్నర బస్సులో పేపరు కట్టలు దిగినాయి.
ఏడుకల్లా నాగులమ్మ టీ బంకులో
స్టీలు గ్లాసులు ఒకపక్క, కాగితం కప్పులు ఒకపక్క.
ఆమెకు చదువు రాదు.
బెంచీ మీద కూచున్నాయన గట్టిగా చదివినాడు.
"నిన్నటిదాంకా వానికి నా గ్లాసులోనే పోస్తాంటినే" అని
చేతులు రెండూ కొంగుకు తుడుచుకుంది.

తొమ్మిదికి ఆ ముక్క ఫోటో అయి ఫోన్లకెక్కింది,
కింద ఎవరో చేర్చినారు: పిల్లలు జాగ్రత్త.
పదికి మొహిద్దీన్ సాబు వచ్చి
మూడు గదుల్లోని పద్నాలుగు మందిని
పొద్దుగూకేలోపల ఖాళీ చేయమన్నాడు.
అడ్వాన్సు లెక్కపెట్టి ఇచ్చినాడు, మర్యాదగానే.
"నాకేం లేదప్పా. ఆ మాట నా గోడ మీద పడితే
ఎంత సున్నం కొట్టినా పోదు" అన్నాడు.
అది మాత్రం నిజమే.

రాతిబురద ఆరి తెల్లగైన తలలు,
తెల్లగైన చేతులు,
బకెట్లలో గిన్నెలు చప్పుడు చేస్తా
కడప రోడ్డెంబడి నడిచిపోతాంటే
షట్టర్లు సగం దించి చూసినారు జనం.
నేను బండి మీద పోతా చూసినా.
ఆ వార్తకు నా బిల్లు నాలుగు సెంటీమీటర్లు.

ఐదోనాడు తీగ దొరికింది
పాతసామాన్ల అంగట్లో.
అమ్మింది సూపర్‌వైజరు బామ్మర్ది.
పన్నెండు లైన్లు పంపినా, పేరుతో, తండ్రి పేరుతో.
వచ్చింది రెండు లైన్లు,
'స్థానిక యువకుడు' అని.
మనోనికి పేరు ఎక్కువైనట్టుంది.
ఆ ముక్కను ఏ ఫోనూ మోయలేదు.

ఇంతకుముందు నేను కోసిగిలో విలేకరిని.
మనోళ్లు సుగ్గికి పోయినప్పుడు
సగం పేజీ ఇచ్చినారు, రంగుల్లో.
తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్న పాపను పిలిచి
తాళమేసిన తలుపు ముందర నిలబెట్టి
"నవ్వొద్దు పాపా" అని మూడుసార్లు చెప్పింది నేనే.
మూడోసారికి నవ్వడం మానేసింది.
ఆ ఫోటోకు జిల్లా అంతా కన్నీళ్లు పెట్టుకుంది,
ఎవరో బియ్యం బస్తా కూడా పంపినారు.
గుంటూరు మిరపచేండ్ల కాడ
ఆ పాప నాయన్ని ఏమని పిలుస్తాండారో,
ఏ గ్లాసులో పోస్తాండారో
నేను అడగలేదు.
అడగాలని తోచనేలేదు.

నిన్న ఉగ్రసేన్ ఆఫీసుకొచ్చినాడు.
ఆఫీసంటే జిరాక్స్ అంగడి మెట్లు.
జేబులోంచి నాలుగు మడతల పేపరు తీసి
"మీరే గదా సార్" అన్నాడు వచ్చీరాని తెలుగులో.
కోపంగా అనింటే బాగుండు.
తన పేరు యాడుందో వేలు పెట్టి చూపమన్నాడు.
చూపించినా.
గోటి సందున రాతిపిండి ఉన్న వేలు
నా వేలు తీసిన చోటే పెట్టి
వెడల్పు కొలిచినట్టు కాసేపు ఉంచి
"మిగిలింది?" అన్నాడు.

పక్కనే
బోర్లు వేసే లారీ ప్రకటన,
నాలుగు కాలమ్‌లు,
చుట్టూ బోలెడు తెల్లకాగితం.